బడి ఇంటర్నెట్‌కు జల్లెడ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

బడుల్లో ఇంటర్నెట్ వాడకం, పిల్లల భద్రత గురించి వచ్చిన ఉత్తరాల్లో ఏడింటికి ఈ సంచికలో జవాబులిస్తున్నాం. రాసినవారి పేర్లు, బడుల పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మాది జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. ల్యాబ్‌లో 15 కంప్యూటర్లు, ఒక ఫైబర్ కనెక్షన్ ఉన్నాయి. బూతు సైట్లు రాకుండా చేయాలి. రాకపోకలను వడకట్టే ఫైర్‌వాల్ పెట్టెకు కంపెనీవాళ్లు చెప్పిన ధర మాకొచ్చే గ్రాంటుకు అందేది కాదు. వేరే దారి ఉందా?
(ప్రధానోపాధ్యాయురాలు, నంద్యాల జిల్లా)

జవాబు: పదిహేను కంప్యూటర్లకు ఆ పెట్టె అక్కర్లేదు టీచర్ గారూ. మీ రౌటర్‌లో డీఎన్‌ఎస్ మార్చండి. రూపాయి ఖర్చు లేకుండా సగానికి పైగా పని అయిపోతుంది.

బ్రౌజర్‌లో సైటు పేరు కొట్టగానే కంప్యూటర్ ముందు డీఎన్‌ఎస్ సర్వర్‌ను "ఈ పేరుకు నంబరెంత?" అని అడుగుతుంది. జల్లెడ (ఫిల్టర్) ఉన్న డీఎన్‌ఎస్ అయితే బూతు సైట్లకు అసలు నంబరు చెప్పదు. నంబరు తెలియకపోతే పేజీ తెరుచుకోదు. ఇలాంటి ఉచిత సేవల్లో రెండు మీకు పనికొస్తాయి. క్లౌడ్‌ఫ్లేర్ కుటుంబ సేవ నంబర్లు 1.1.1.3, 1.0.0.3. ఇది బూతు సైట్లను, వైరస్ అంటించే సైట్లను ఆపుతుంది. క్లీన్‌బ్రౌజింగ్ ఫ్యామిలీ నంబర్లు 185.228.168.168, 185.228.169.168. ఇది మరికాస్త గట్టిది. జల్లెడను దాటించే ప్రాక్సీ, వీపీఎన్ సైట్లను కూడా ఆపుతుంది, గూగుల్, బింగ్, యూట్యూబ్‌లను సేఫ్ మోడ్‌లోకి నెడుతుంది. హైస్కూలుకు మేం రెండోదే పెట్టమంటాం. ఎందుకంటే గూగుల్ ఇమేజెస్‌లో కనిపించే చిన్న బొమ్మలన్నీ గూగుల్ నుంచే వస్తాయి. బొమ్మ అసలు సైటును ఆపినా దాని నమూనా తెర మీద కనిపిస్తుంది. అసభ్య ఫలితాలను దాచే సేఫ్‌సెర్చ్‌ను బలవంతంగా పెడితే తప్ప అది ఆగదు.

ల్యాబ్‌లోని ఒక కంప్యూటర్ బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 కొట్టండి. రౌటర్ పేజీ వస్తుంది. యూజర్ పేరు, పాస్‌వర్డ్ రౌటర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. అన్నిటికన్నా ముందు ఆ పాస్‌వర్డ్ మార్చండి. స్టిక్కర్ చదవగల ఏ పిల్లవాడైనా మీరు చేసినదంతా రెండు నిమిషాల్లో తీసేయగలడు. తర్వాత ల్యాన్ లేదా డీహెచ్‌సీపీ అనే భాగానికి వెళ్లి, ప్రైమరీ డీఎన్‌ఎస్‌లో మొదటి నంబరు, సెకండరీలో రెండో నంబరు వేసి సేవ్ చేయండి. రౌటర్‌ను ఆపి మళ్లీ వేసి, కంప్యూటర్లన్నీ రీస్టార్ట్ చేయండి. లేకపోతే అవి పాత నంబర్లనే గుర్తు పెట్టుకుని ఉంటాయి. "మార్చాం గానీ పనిచేయలేదు" అని రాసేవారిలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

ఇంకో రెండు పొరపాట్లు తరచుగా జరుగుతాయి. ఒకటి, "పడిపోతే అక్కరకొస్తుంది" అనుకుని సెకండరీలో జల్లెడ లేని గూగుల్ డీఎన్‌ఎస్ 8.8.8.8 వేయడం. కంప్యూటర్ ఆ రెండింటిలో దేన్నైనా అడగొచ్చు. ఒకదానికి జల్లెడ ఉండి రెండోదానికి లేకపోతే సైట్లు ఒకసారి ఆగుతాయి, ఒకసారి వస్తాయి. రెండు నంబర్లూ ఒకే సేవవి కావాలి. రెండోది ఐపీవీ6, అంటే ఇంటర్నెట్ నంబర్లలో కొత్త రకం. ఇప్పటి ఫైబర్ కనెక్షన్లు చాలావరకు దీన్ని కూడా ఇస్తాయి, దాని డీఎన్‌ఎస్ వేరేగా నడుస్తుంది. క్లౌడ్‌ఫ్లేర్ వాడితే ఆ గడుల్లో 2606:4700:4700::1113, 2606:4700:4700::1003 వేయండి. అక్కడ మార్చే వీలు లేకపోతే ల్యాన్ వైపు ఐపీవీ6 ఆపేయండి. ల్యాబ్‌కు దానివల్ల ఏ లోటూ ఉండదు.

పరీక్షించడానికి బూతు సైటు తెరవనక్కర్లేదు. క్లౌడ్‌ఫ్లేర్ వాడేవారి కోసం 'న్యూడిటీ డాట్ టెస్ట్‌కేటగిరీ డాట్ కామ్' అనే పరీక్ష పేజీ ఉంది. అది తెరుచుకోకపోతే జల్లెడ పనిచేస్తున్నట్టు. ఈ పేరును ఇంగ్లిషు అక్షరాల్లో ఖాళీల్లేకుండా కొట్టాలి. నెలకోసారి రెండు మూడు కంప్యూటర్లలో చూడండి. కనెక్షన్‌వాళ్లు రౌటర్ మార్చినా, రీసెట్ చేసినా మీ సెట్టింగులన్నీ పోతాయి.

కంపెనీ ఇచ్చిన పెట్టెలో డీఎన్‌ఎస్ మార్చనివ్వకపోతే దాని వెనక మామూలు వైఫై రౌటర్ ఒకటి తగిలించి, కంప్యూటర్లన్నీ దాని గుండానే వెళ్లేలా చేయండి.

ప్రశ్న: డీఎన్‌ఎస్ పెట్టాం. తొమ్మిదో తరగతి పిల్లలు వారంలోనే దాటేశారు. ఒకరు విండోస్‌లో 8.8.8.8 వేసుకున్నారు, ఇంకొకరు క్రోమ్‌లో వీపీఎన్ ఎక్స్‌టెన్షన్ దించారు. ఇక దేన్నని ఆపగలం?
(కంప్యూటర్ టీచర్, కరీంనగర్)

జవాబు: మీ కంప్యూటర్లలో పిల్లలు అడ్మినిస్ట్రేటర్ ఖాతాతోనే లాగిన్ అవుతున్నారని దీన్నిబట్టి తెలుస్తోంది. అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ప్రతి సిస్టమ్‌లో 'విద్యార్థి' పేరుతో స్టాండర్డ్ యూజర్ ఖాతా తెరవండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మీకు, హెచ్‌ఎం గారికి తప్ప ఎవరికీ తెలియకూడదు. స్టాండర్డ్ ఖాతాలో డీఎన్‌ఎస్ మార్చబోతే విండోస్ పాస్‌వర్డ్ అడుగుతుంది. మొదటి దారి అక్కడే మూసుకుపోతుంది.

తర్వాత రౌటర్. ఫైర్‌వాల్ రూల్స్ పెట్టే వీలుంటే డీఎన్‌ఎస్ ప్రశ్నలు నడిచే పోర్టు 53 మీద బయటికి వెళ్లే అభ్యర్థనలను మీరు ఎంచుకున్న రెండు నంబర్లకే అనుమతించి, మిగతావన్నీ ఆపండి. యూడీపీ, టీసీపీ అనే రెండు రవాణా పద్ధతులకూ పెట్టాలి. అనుమతించే రూలు పైన, ఆపే రూలు కింద ఉండాలి. తారుమారైతే ల్యాబ్ మొత్తానికి ఇంటర్నెట్ పోతుంది. పోర్టు 853 కూడా ఆపండి. డీఎన్‌ఎస్ ప్రశ్నలను గుప్తంగా పంపే ఒక పద్ధతి ఆ పోర్టు మీదుగా నడుస్తుంది.

ఇంకో గుప్త పద్ధతి ఉంది, దాన్ని పోర్టుతో ఆపలేం. బ్రౌజర్లలో 'సెక్యూర్ డీఎన్‌ఎస్' పేరుతో కనిపించేది ఇదే. ఇది మామూలు వెబ్ పేజీలు వచ్చే 443 పోర్టులోనే కలిసిపోతుంది. అందుకని బ్రౌజర్‌లోనే కట్టడి చేయాలి. క్రోమ్‌కు పాలసీలు, అంటే వాడేవారు మార్చలేని నియమాలు ఉంటాయి. విండోస్ ప్రో అయితే గ్రూప్ పాలసీలో, హోమ్ అయితే రిజిస్ట్రీలో పెట్టొచ్చు. 'డీఎన్‌ఎస్ఓవర్‌హెచ్‌టీటీపీఎస్‌మోడ్'కు 'ఆఫ్' అని, 'ఎక్స్‌టెన్షన్‌ఇన్‌స్టాల్‌బ్లాక్‌లిస్ట్'లో నక్షత్రం గుర్తు వేయండి. నక్షత్రం అంటే ఏ ఎక్స్‌టెన్షనూ దిగదని అర్థం. వీపీఎన్ ఎక్స్‌టెన్షన్ల బెడద దీంతో పోతుంది. ఫైర్‌ఫాక్స్ ఒకటి ఉంచుకుని క్రోమ్‌ను మాత్రమే కట్టడి చేస్తే లాభం లేదు. ల్యాబ్‌లో ఒకే బ్రౌజర్ ఉంచండి.

ఇంకాగ్నిటో (బ్రౌజర్‌లోని ప్రైవేటు విండో) గురించి అనవసరమైన భయం ఉంది. అది జల్లెడను దాటించదు, చూసినవాటి జాబితాను కంప్యూటర్‌లో మిగల్చదు, అంతే.

ఇంత చేసినా ఫోన్ హాట్‌స్పాట్ అనే దారి ఉంటుంది. మీ వైఫైలో లేని ఫోన్‌ను మీ రౌటర్ ఏమీ చేయలేదు. దానికి మేం చెప్పగల మంచి ఉపాయం బల్లలు జరపడం. కంప్యూటర్లను మూడు గోడల వెంట పెట్టి, తెరలన్నీ గది మధ్యకు తిరిగేలా చూడండి. మధ్యలో నిలబడితే ఒక్క చూపులో అన్ని తెరలూ కనిపిస్తాయి. వరసలుగా పెట్టిన ల్యాబ్‌లో టీచర్‌కు కనిపించేవి పిల్లల మొహాలే. కూర్చున్నచోటి నుంచే చూడాలనుకుంటే వేయాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెరలన్నీ మీ కంప్యూటర్‌లో కనిపిస్తాయి. అది పెట్టినట్టు పిల్లలకు ముందే చెప్పండి.

దాటిన పిల్లలను ల్యాబ్ నుంచి వెలివేయకండి సార్. ఎలా దాటారో చూపించమనండి. మీ ల్యాబ్‌లో ఎక్కడ కన్నముందో మీకన్నా ముందు వాళ్లకు తెలిసింది.

ప్రశ్న: పదో తరగతికి పునరుత్పత్తి పాఠం చెబుతున్నాను. వీడియో వెతికితే బ్లాక్ అని వస్తోంది. రొమ్ము క్యాన్సర్ గురించిన పేజీ కూడా రాలేదు. ఇది భద్రతా, చదువుకు అడ్డా?
(జీవశాస్త్రం టీచర్, రాజమహేంద్రవరం)

జవాబు: చదువుకు అడ్డే. మీ బడిలో ఎవరో మాటల జాబితా పెట్టి ఉంటారు. ఫలానా మాట కనిపిస్తే పేజీ ఆపేయమని చెప్పే ఈ పద్ధతికి పాఠానికీ బూతుకూ తేడా తెలియదు. ఇంగ్లిషులో ఎస్సెక్స్, మిడిల్‌సెక్స్ అనే ఇంగ్లండ్ ప్రాంతాల పేర్లను కూడా అది బూతు కిందే లెక్కేస్తుంది. పోనీ కావలసినదాన్నైనా ఆపుతుందా అంటే అదీ లేదు. ఇంగ్లిషు జాబితాకు తెలుగు లిపిలోని బూతు తెలియదు, ఇంగ్లిషు అక్షరాల్లో రాసిన తెలుగు బూతు అసలే తెలియదు. మాటల జాబితా తీసేసి, సైట్ల రకాన్నిబట్టి ఆపే జల్లెడకు మారమని అడగండి.

యూట్యూబ్ రెస్ట్రిక్టెడ్ మోడ్‌ను నెట్‌వర్క్ నుంచి రెండు స్థాయుల్లో పెట్టొచ్చు: స్ట్రిక్ట్, మోడరేట్. స్ట్రిక్ట్‌లో జీవశాస్త్రం వీడియోలు చాలా పోతాయి. హైస్కూలుకు మోడరేట్ సరిపోతుంది. రెండింటిలోనూ వీడియోల కింద వ్యాఖ్యలు కనిపించవు, అది లాభమే. టీచర్లకు వేరే వైఫై పేరు, వేరే పాస్‌వర్డ్ ఇస్తే మీరు వీడియో ముందే చూసుకుని క్లాసులో వేయగలుగుతారు. ఆ పాస్‌వర్డ్ బోర్డు మీద రాయకండి.

సైటు తెరవమని అడిగే పద్ధతి కూడా ఉండాలి. ల్యాబ్‌లో ఒక నోటు పుస్తకం పెట్టి సైటు పేరు, ఏ పాఠానికి, ఎవరు అడిగారు, తెరిచిన తేదీ రాస్తే చాలు. అడిగిన రోజే తేలాలి. మూడు రోజులు పడితే టీచర్లు తమ ఫోన్ హాట్‌స్పాట్ పెట్టి పాఠం చెప్పేస్తారు, జల్లెడ ఉండీ లేనట్టే.

ప్రశ్న: క్లౌడ్‌ఫ్లేర్ 1.1.1.3 పెట్టాక బూతు సైట్లు ఆగాయి గానీ, మా ఇంటర్ పిల్లలు పందేల సైట్లు, రమ్మీ చూస్తున్నారు. అవెందుకు ఆగలేదు?
(జూనియర్ కాలేజీ లెక్చరర్, గుంటూరు)

జవాబు: 1.1.1.3 పని బూతునూ వైరస్‌నూ ఆపడమే, పందేలు దాని జాబితాలో లేవు. ఓపెన్‌డీఎన్‌ఎస్ హోమ్‌లో ఉచిత ఖాతా తెరిస్తే 'గ్యాంబ్లింగ్' రకాన్ని మీరే ఎంచుకుని ఆపొచ్చు. నంబర్లు 208.67.222.222, 208.67.220.220. ఒక చిక్కుంది. మీ కనెక్షన్ నంబరు (ఐపీ అడ్రస్) మారుతూ ఉంటే ఆ సేవ మిమ్మల్ని గుర్తుపట్టదు, మీరు ఎంచుకున్నవేవీ పనిచేయవు. వాళ్లిచ్చే అప్‌డేటర్ సాఫ్ట్‌వేర్‌ను ఎప్పుడూ ఆన్‌లో ఉండే ఒక కంప్యూటర్‌లో పెట్టాలి.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్ర చట్టమూ వచ్చింది. డబ్బు పోగొట్టుకున్న పిల్లవాడు మీ దగ్గరికొస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయించండి. మోసంలో పోయిన డబ్బు ఇంకా ఖాతాల్లో ఉండగానే ఆపగలిగే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. అప్పు ఎవరి దగ్గర తీసుకున్నాడో కూడా మెల్లగా అడగండి. భయపడి దాచేది సాధారణంగా ఆ మాటే.

ప్రశ్న: మా బడి ఆన్‌లైన్ భద్రతా పాలసీ పన్నెండు పేజీలు, అంతా ఇంగ్లిషే. తల్లిదండ్రులు చదవకుండా సంతకం పెడుతున్నారు. ఎలా మార్చాలి?
(కరస్పాండెంట్, ఖమ్మం)

జవాబు: ఒక పేజీ, తెలుగులో. బడిలో ఇంటర్నెట్ ఎక్కడ, ఏ వేళల్లో ఉంటుంది, ఏ రకం సైట్లు ఆగుతాయి, తెరలను ఎవరు చూస్తారు, చూసిన సైట్ల జాబితా ఎన్నాళ్లు ఉంటుంది, ఆగిన సైటు తెరవమని ఎవరిని అడగాలి, పిల్లలకు ఇబ్బంది ఎదురైతే ఎవరికి చెప్పాలి. ఆ చివరిదానికి పదవి పేరు కాదు, మనిషి పేరు రాయండి. ఒక టీచరమ్మ, ఒక సారు, ఇద్దరూ ఉంటే మంచిది. ఆడపిల్లలు సార్లకు చెప్పలేని మాటలుంటాయి.

ఈ వాక్యం మాత్రం పెద్ద అక్షరాల్లో వేయండి: "చెడ్డ పేజీ గానీ, మెసేజీ గానీ నీ కంటపడితే తెర ఆపి టీచర్‌కు చెప్పు. చెప్పినందుకు నిన్ను ఎవరూ తిట్టరు, ఇంటికి ఫిర్యాదు వెళ్లదు." దీన్ని బడి నిజంగా పాటించాలి. ఒక్క పిల్లకు చెప్పినందుకు చీవాట్లు పడ్డాయా, ఆ సంగతి మధ్యాహ్న భోజనం వేళకు బడంతా పాకుతుంది. ఆ తర్వాత మీకెవరూ ఏదీ చెప్పరు.

పిల్లలు చూసిన సైట్ల జాబితా గురించి ఒక మాట. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది. పిల్లల కదలికలను వెంటాడి గమనించడాన్ని కాదంటుంది. 2025 నవంబరులో వచ్చిన నియమాలు చదువుకు, పిల్లల భద్రతకు అవసరమైన మేరకు బడులకు మినహాయింపునిచ్చాయి. 'అవసరమైన మేరకు' అన్నదాన్ని మరిచిపోకండి. జాబితాను 30 రోజులుంచి చెరిపేయడం మా సలహా. ఇద్దరికి మించి ఎవరూ చూడకూడదు, స్టాఫ్‌రూమ్‌లో కబుర్ల కింద అసలే రాకూడదు.

ప్రశ్న: మేం న్యూజెర్సీలో ఉంటున్నాం. ఆరో తరగతి చదివే మా పాపకు బడివాళ్లు క్రోమ్‌బుక్ ఇచ్చారు. ఇంట్లో మా వైఫై మీద కూడా సైట్లు ఆగుతున్నాయి. ఈమధ్య మా సొంత కంప్యూటర్‌లో కూడా ఆగాయి! మమ్మల్ని గమనిస్తున్నారా?
(ఒక తల్లి)

జవాబు: ఆ క్రోమ్‌బుక్ బడిది కాబట్టి ఏ వైఫై మీదున్నా బడి నియమాలే నడుస్తాయి. మీ సొంత కంప్యూటర్ సంగతికి కారణం వేరే అయ్యుంటుంది. పాప అందులోని క్రోమ్‌లో బడి ఖాతాతో సైన్ ఇన్ అయ్యుంటుంది. బడి పెట్టే పాలసీల్లో చాలావరకు ఖాతా వెంటే వస్తాయి. క్రోమ్‌లో ఆ ప్రొఫైల్ తీసేసి, ఇంటి పనులకు వేరే ప్రొఫైల్ పెట్టండి. బడి ఖాతాను బడి క్రోమ్‌బుక్‌కే పరిమితం చేయండి. మీ ఇంటి కాగితాలు, ఫొటోలు బడి డ్రైవ్‌లో దాచొద్దు.

అక్కడి బడులు జల్లెడ పెట్టడం వెనక 2000లో అమెరికా చేసిన సీపా చట్టం ఉంది. ఈ-రేట్ పథకం కింద ఇంటర్నెట్‌కు రాయితీ తీసుకునే బడులు అశ్లీల బొమ్మలను ఆపాలి, పిల్లల ఆన్‌లైన్ పనులను పర్యవేక్షించాలి, పాలసీ రాసి కనీసం ఒక బహిరంగ సమావేశంలో చర్చించాలి. ఒక్కొక్క పిల్ల ఏం చూసిందో వెంటాడి నమోదు చేయమని మాత్రం ఆ చట్టం అడగదు. మీ స్కూల్ డిస్ట్రిక్ట్ ఏ సాఫ్ట్‌వేర్ వాడుతోంది, అది తెరను ఎన్నింటి వరకు గమనిస్తుంది, హెచ్చరిక వస్తే రాత్రిపూట ఎవరు చూస్తారు అని ఈమెయిల్ రాసి అడగండి. అడగడం మీ హక్కు, మర్యాదగా అడిగితే జవాబిస్తారు.

ప్రశ్న: తొమ్మిదో తరగతి అమ్మాయి ప్రైవేటు ఫొటో ఒకటి అబ్బాయిల వాట్సాప్ గ్రూపులో తిరుగుతోందని ఒక పిల్లవాడు నాకు చెప్పాడు. ఫోన్ తెచ్చి చూపిస్తానన్నాడు. పేరెంట్స్‌ను పిలిచి మాట్లాడి సర్దేద్దామని పెద్దలంటున్నారు. నేనేం చేయాలి?
(టీచర్, జిల్లా పేరు వేయడం లేదు)

జవాబు: ఆ ఫొటో చూడకండి, మీ ఫోన్‌కు పంపించుకోకండి, స్క్రీన్‌షాట్ తీయకండి, హెచ్‌ఎం గారికి వాట్సాప్‌లో పంపకండి. సాక్ష్యం కోసమే అయినా ప్రతి కాపీ ఇంకో నేరానికి, ఆ పిల్లకు ఇంకో గాయానికి దారి. ఐటీ చట్టం 67బి ప్రకారం పిల్లల అశ్లీల బొమ్మలు పంపినా, దాచినా మొదటిసారికే ఐదేళ్ల వరకు జైలు, పది లక్షల వరకు జరిమానా పడొచ్చు. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 15వ సెక్షన్ కూడా వర్తిస్తుంది.

గ్రూపు పేరు, చెప్పిన పిల్లవాడు చూసిన తేదీ, సమయం, పంపినవారి నంబరు ఒక కాగితం మీద రాసుకోండి. గ్రూపు డిలీట్ చేయమని అబ్బాయిలకు చెప్పొద్దు. పోలీసులు చూడాల్సినది పోతుంది. హెచ్‌ఎం గారికి ఎదురుగా వెళ్లి నోటితో చెప్పండి.

సర్దేయడానికి వీల్లేదు. పోక్సో 19వ సెక్షన్ ప్రకారం నేరం జరిగిందని తెలిసిన ప్రతివారూ స్థానిక పోలీసులకో, జిల్లాలోని ప్రత్యేక బాలల పోలీసు విభాగానికో తెలపాలి. తెలపకపోతే 21వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు, తమ కింద పనిచేసేవారి నేరాన్ని తెలపని సంస్థ బాధ్యులకైతే ఏడాది వరకు శిక్ష ఉంది. పెద్దలకు ఈ సెక్షన్ చూపించండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే పోలీసుల దగ్గర మీ పక్కన నిలబడే మనుషులు దొరుకుతారు. జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో పిల్లలకు సంబంధించిన ఫిర్యాదులు పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు.

ఫొటో ఇంకా పాకకుండా ఆపడానికి 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది. అమెరికాలోని పిల్లల రక్షణ సంస్థ ఎన్‌సీఎంఈసీ దాన్ని నడుపుతోంది. 18 ఏళ్లలోపు తీసిన ఫొటోలకు ఇది పనికొస్తుంది. ఫొటో ఉన్న ఫోన్‌లో పిల్ల గానీ తల్లి గానీ దాన్ని ఎంచుకుంటే, ఫొటో బయటికి వెళ్లదు, దాని వేలిముద్రలాంటి సంఖ్య మాత్రమే వెళ్తుంది. ఆ సేవలో చేరిన కంపెనీలు ఆ సంఖ్యను పట్టుకుని తమ వేదికల మీద దాన్ని గుర్తించి తీసేయగలవు. గుప్తంగా నడిచే వాట్సాప్ సందేశాల్లోకి మాత్రం ఇది చేరదు.

అమ్మాయితో ఒక్క టీచరమ్మే మాట్లాడాలి, ఒక్కసారే. "ఎందుకు దిగావు?" అన్న ప్రశ్న ఎవరి నోటా రాకూడదు. తర్వాత అడగాల్సినవి పోలీసులు, ఆమె ఇంటి దగ్గరికొచ్చి, మామూలు బట్టల్లో అడుగుతారు. అలా అడగమనే చట్టం చెబుతోంది. ఆమెను బడి మాన్పించకండి, సెక్షన్ మార్చకండి. మార్చాల్సి వస్తే పంపినవాళ్లను మార్చండి. వాళ్లూ పిల్లలే కాబట్టి వాళ్ల సంగతి బాలల న్యాయ మండలి చూస్తుంది. బడిలో గుంజీలు, చెంపదెబ్బలు వద్దు. వచ్చి చెప్పిన ఆ పిల్లవాడి పేరు మీ దగ్గర, హెచ్‌ఎం గారి దగ్గరే ఉండనివ్వండి.

రేపు ఏ విలేకరైనా వస్తే అమ్మాయి పేరే కాదు, ఇంటి వివరాలు, బడి పేరు కూడా చెప్పకూడదు. పోక్సో 23వ సెక్షన్ వాటన్నిటినీ బయటపెట్టొద్దంటుంది. మీ ఉత్తరంలోని జిల్లా పేరును మేం తీసేసింది కూడా అందుకే.